గుడ్డ బొమ్మకి గుండీ కళ్లు వద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో, ఇంట్లో మిగిలిన గుడ్డ ముక్కలతో పిల్లలకి బొమ్మలు కుట్టుకోవడం గురించి అర పేజీ వేశారు. రంగుల ఫొటో కూడా వేశారు. అందులో కుందేలు బాగుంది. చెవుల దగ్గర వంపు చక్కగా తిరిగింది. కుట్టినవాళ్లెవరో గానీ చేయి తిరిగినవాళ్లే. కానీ ఆ కుందేలుకి రెండు కళ్లూ గుండీలు. ముక్కు ఒక పూస. గ్లూ గన్‌తో అంటిస్తే ఐదు నిమిషాల పని అని రాశారు. ఏడాది పిల్లలకి కూడా ఇవ్వొచ్చు అని ఆ కిందే రాశారు. ఈ రెండు మాటలూ ఒకే పేరాలో చూసేసరికి నా కాఫీ గ్లాసు బల్ల మీదే చల్లారిపోయింది.

నేను తెనాలి మారీసుపేటలో లేడీస్ టైలర్‌ని. నలభై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదలు. మీ పేపరు మాకు చదువుకోవడానికే కాదు, కటింగ్‌కి కూడా. కొత్త కొలత వస్తే ముందు పాత పేపర్ మీద గీసి కత్తిరించి చూసుకుంటాం. ఆ లెక్కన మీతో నాకు పాత బాకీ ఉంది.

బొమ్మలు కుట్టడం మొదలుపెట్టింది ఆరేళ్ల కింద, మా మనవరాలు పుట్టాక. అంతకుముందు మిగిలిన ముక్కలన్నీ బస్తాలోకి తోసేవాణ్ని. నెలకోసారి మెకానిక్ షెడ్డు కుర్రాడు వచ్చి చేతులు తుడుచుకోవడానికి పట్టుకెళ్లేవాడు. మా ఊళ్లో పాత ఇనుప సామాను అతికించి సింహాల్ని, నాయకుల విగ్రహాల్ని చేసే శిల్పులున్నారు. బోల్టులతో సింహం జూలు చేయగలిగినప్పుడు టూ బై టూ లైనింగ్ గుడ్డ ముక్కలతో నేను ఒక పిల్లిని చేయలేనా అనుకున్నాను. చేశాను. తెల్ల పిల్లి, ఎర్ర అంచు గౌను. కళ్లకి కోటు గుండీలు పెట్టాను. నల్లవి, 24 లైను. అంటే సుమారు 15 మిల్లీమీటర్ల అడ్డం. దారం రెండు పోగులు కలిపి ఎనిమిదిసార్లు తిప్పి, కింద కాడ కట్టి, ముడి మీద ముడి వేశాను. పెళ్లికొడుకు కోటుకి కూడా అంత గట్టిగా వెయ్యను. లాగి చూశాను. మా ఆవిడ చేత లాగించాను. కదల్లేదు.

పిల్లకి పద్నాలుగో నెల. పిల్లిని నోటితో పట్టుకునే తిరిగేది. పళ్లు వస్తున్నాయి కదా, కన్ను పళ్ల మధ్య పెట్టుకుని నములుతూ ఉండేది. మేం చూసి నవ్వుకునేవాళ్లం. ఒకరోజు సాయంత్రం నేను మెషీన్ మీద ఉన్నాను. వెనక దగ్గు వినబడింది. మామూలు దగ్గు కాదు. తర్వాత దగ్గు కూడా ఆగిపోయింది. మా ఆవిడ కంగారులో పిల్ల నోట్లో వేలు పెట్టబోయింది. మా కోడలు నర్సింగ్ చదివింది. "అత్తయ్యా, వేలు పెట్టకండి, లోపలికి పోతుంది" అని అరుస్తూ పిల్లని లాక్కుని, ముందుకి వంచి, వీపు మధ్య అరచేతి మడమతో చరిచింది. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో గుండీ వచ్చి గచ్చు మీద పడింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. చాలా చిన్న చప్పుడు.

పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించి, ఇంటికొచ్చాక పిల్లిని చేతిలోకి తీసుకున్నాను. మీకు ఈ ఉత్తరం రాయడానికి కారణం నేను అప్పుడు చూసింది. నా కుట్టు తెగలేదు. ఎనిమిది చుట్లూ, కాడా, ముడీ అన్నీ గుండీకే ఉన్నాయి. తెగింది గుడ్డ. నెలల తరబడి ఎంగిలిలో నాని, పంటి కింద నలిగి, కుట్టు చుట్టూ గుడ్డ పిగిలి గుండ్రంగా ఊడొచ్చింది. గుండీ ఎంత గట్టిగా కుడితే గుడ్డ మీద అంత లాగుడు పడుతుంది. టైలర్‌ని అయ్యుండీ నాకు ఆ సంగతి తట్టలేదు. 'గట్టిగా కుట్టండి' అని చెప్పి గుండీలు పెట్టమనే సలహాలో ఉన్న లోపం ఇదే. దారాన్ని నమ్ముకుంటాం, గుడ్డని మర్చిపోతాం. ఇక జిగురు సంగతి చెప్పక్కర్లేదు. గ్లూ గన్ జిగురు గుడ్డ మీద పైపైన గడ్డ కడుతుంది. నాలుగు ఉతుకులకి గోరు పెడితే ఊడొస్తుంది.

తర్వాత మా అబ్బాయి ఫోన్‌లో వెతికి ఒక లెక్క చూపించాడు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి ఒక గొట్టం ఉంటుందట. దాని అడ్డం 31.7 మిల్లీమీటర్లు. బొమ్మలోంచి ఊడొచ్చిన ముక్క ఏదైనా ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయిందంటే ఆ బొమ్మ ఆ వయసు పిల్లలకి పనికిరాదు. నాకు ఫొటో స్టూడియో స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. ఆయన్నడిగి పాత కెమెరా రీలు డబ్బా తెచ్చుకున్నాను, దాని అడ్డం దాదాపు అంతే. ఇప్పుడు అది నా కటింగ్ బల్ల మీద ఉంటుంది. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, అది కూడా అందులో పడిపోతుంది. నా షాపులో ఉన్న గుండీల్లో ఒక్కటి కూడా ఆ డబ్బా పైన నిలవలేదు. అన్నీ లోపలికే. హుక్కులు, పూసలు, చెమ్కీలు, గజ్జెలు సరేసరి.

మీ వ్యాసం రాసినవాళ్లని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. బొమ్మల్లో రెండు రకాలున్నాయి, అవి కలిసిపోయాయి అంతే. చూసే బొమ్మ వేరు, నోట్లో పెట్టుకునే బొమ్మ వేరు. సంక్రాంతికి కొలువులో మెట్ల మీద పెట్టే బొమ్మలు చూడ్డానికి. కొండపల్లి ఏనుగు అంబారీ చూడ్డానికి. మీ పేజీలోనే కేరళ చేకుట్టి బొమ్మల గురించి కూడా రాశారు. అది మంచి సంగతి, నేనూ చదివాను. 2018 వరదల్లో చేందమంగళం నేతగాళ్ల చీరలు బురదలో మునిగిపోతే, ఉతికి శుభ్రం చేసి, ఒక్కో చీరకి 360 చిన్న బొమ్మలు చేసి ఒక్కోటి 25 రూపాయలకి అమ్మారు. కానీ అది సంచీకో కారులో అద్దానికో తగిలించుకునే బొమ్మ. పసిపిల్ల పక్కలో పడుకునే బొమ్మ కాదు. పక్కలో పడుకునే బొమ్మని పిల్ల చూడదండీ, తింటుంది. ఎంగిలి చేస్తుంది, కాలు పట్టుకుని ఈడుస్తుంది, పాలు తాగిస్తుంది, దాని మీద పాసు పోస్తుంది. కుట్టేవాడు ముందు ఆ లెక్కన ఆలోచించాలి, అందం తర్వాత.

మా అమ్మ కుట్టిన బొమ్మలకి అసలు కళ్లే ఉండేవి కావు. పాత చీర చెంగు చింపి, మధ్యలో దూది ఉండ పెట్టి, మెడ దగ్గర దారం చుట్టి ఇచ్చేది. మా చెల్లి పొద్దున్నే దానికి కాటుకతో కళ్లు, నోరు పెట్టేది. సాయంత్రానికి అంతా అలుక్కుపోయేది. మర్నాడు మళ్లీ పెట్టేది. ఒకరోజు బొమ్మ నవ్వేది, ఒకరోజు ఏడ్చేది. దానికి పెళ్లి కూడా చేశాం, మరమరాలు పంచి. ఆ బొమ్మలో ఊడి గొంతులో పడే వస్తువు ఒక్కటి లేదు. మా అమ్మకి గొట్టం లెక్క తెలిసి కాదు, గుండీలు కొనే స్థోమత లేక.

ఇప్పుడు నేను కళ్లు దారంతోనే కుడుతున్నాను. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలో మూడు పోగులు విడదీసి, చాక్‌తో రెండు బాదం గింజలంత గీసి, నిండుగా అల్లుతాను. ఇది ముఖం ముక్క విడిగా ఉన్నప్పుడే, రింగులో బిగించి చేసుకోవాలి. బొమ్మ కుట్టి, దూది కూరాక కళ్లు పెడదామంటే ముడి ఎక్కడ దాచాలో తెలియదు, ఒక కన్ను పైకీ ఒకటి కిందికీ పోతాయి. ముందు చేస్తే ముడులన్నీ లోపలివైపు ఉంటాయి. నోటికి గొలుసు కుట్టు ఒక వరస చాలు. ముక్కుకి కుట్టు అక్కర్లేదు, ముక్కు లేకపోయినా ఏ పిల్లా అడగలేదు. జుట్టుకి ఉన్ని దారం పెడితే అందంగానే ఉంటుంది గానీ మూడేళ్లలోపు వాళ్లకి నేను పెట్టను, నల్ల గుడ్డ ముక్క టోపీలా కుట్టేస్తాను. రిబ్బన్లు, తాళ్లు జానెడు మించి వేలాడనివ్వను.

గుడ్డ సంగతి వస్తే, లైనింగ్ టూ బై టూ ఒక్కటే వాడితే నా పిల్లికి పట్టిన గతే పడుతుంది. అది మెత్తగా ఉంటుంది గానీ పల్చన. లాంగ్ క్లాత్ గానీ పాప్లిన్ గానీ మంచిది. మంగళగిరి నూలు ముక్కలు దొరికితే ఇంకా మంచిది, ఎన్ని ఉతుకులైనా ఓర్చుకుంటుంది. జరీ ఉన్న ముక్క మాత్రం వద్దు, పసిపిల్ల బుగ్గ మీద గీరుతుంది. పట్టు ముక్క మెరుస్తుంది గానీ కుట్టు దగ్గర పోగు జారిపోతుంది. ఏ గుడ్డయినా రాత్రంతా నీళ్లలో నానబెట్టి గంజి వదిలించాలి. కొత్త ఎరుపు, ముదురు నీలం అయితే పక్కన తెల్ల ముక్క వేసి నానబెట్టి చూడాలి. తెల్ల ముక్కకి రంగు అంటితే ఆ గుడ్డ బొమ్మకి పనికిరాదు, ఎందుకంటే ఆ రంగు పోయేది పిల్ల కడుపులోకే.

లోపల కూరడానికి ఏం వాడాలని చాలామంది అడుగుతారు. గుడ్డ పేలికలు కూరితే బరువు, మీద పడితే దెబ్బ. బూరుగు దూది తేలిక గానీ ధూళి, గింజలుంటాయి, మా మనవరాలికి తుమ్ములు పట్టుకున్నాయి. మామూలు దూది ఒక్కసారి ఉతికితే ఉండలు కడుతుంది. శ్రావణ మాసంలో ఉతికారంటే లోపల ఆరక బూజు వాసన వస్తుంది, ఎండలో రోజంతా పెట్టినా పోదు. దిండ్లు కుట్టే షాపులో తెల్ల ఫైబర్ కిలో లెక్కన ఇస్తారు, నేను అదే వాడుతున్నాను. నూలు మనిషిని, పాలిస్టర్ వాడ్డం నాకూ మనస్కరించలేదు, కానీ సాయంత్రానికి ఆరిపోతోంది. దాన్ని నేరుగా కూరను. ముందు పల్చటి మల్ గుడ్డతో లోపలి సంచీ కుట్టి, అందులో కూరి మూసేసి, దాన్ని బొమ్మలోకి తోస్తాను, దిండుకి గలీబు తొడిగినట్టు. పైకుట్టు ఎక్కడైనా విడిపోయినా ఫైబర్ బయటికి రాదు. పని రెట్టింపవుతుంది. అవనీండి.

పైకుట్టు మెషీన్ మీదే, కుట్టు బాగా చిన్నది పెట్టి, దాని మీదే మరో వరస. వంపుల దగ్గర కత్తెర మొనతో గాట్లు పెట్టకపోతే తిరగేశాక చెయ్యి గోంగూర కాడలా ముడుచుకుంటుంది. గాటు కుట్టు దాకా పోకూడదు. తిరగేయడానికి పెన్సిల్ వెనక వైపు వాడండి, కత్తెర మొనతో పొడవకండి, నేను పొడిచి రెండు బొమ్మలు పాడుచేశాను. అందరూ చేసే ఇంకో తప్పు మెడ. ఫొటోల్లో చూసి సన్నగా కత్తిరిస్తారు. వారం తిరక్కుండా తల వాలిపోతుంది. అడుగు పొడుగు బొమ్మకి మెడ రెండున్నర అంగుళాల వెడల్పు ఉండాలి. పెద్దవాళ్లకి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. పిల్లలు పట్టుకుని ఈడ్చేది కూడా ఆ మెడ పట్టుకునే.

సూదుల సంగతి చెప్పకపోతే నా వృత్తికి అన్యాయం చేసినట్టు. మా షాపులో గుండుసూది ఎక్కడో ఒక చోట గుడ్డలో ఉండిపోవడం మామూలే. జాకెట్టు వేసుకున్నావిడ "బాబాయ్, గుచ్చుకుందయ్యా" అంటుంది, సారీ చెప్పి తీసేస్తాం. బొమ్మలో ఉండిపోతే చెప్పేవాళ్లుండరు. అందుకని బొమ్మకి నాలుగే గుండుసూదులు, గులాబి తలలవి. సూదులు గుచ్చుకునే దిండులోంచి నాలుగు తీస్తే నాలుగూ దిండులోకి తిరిగొచ్చాకే లోపల కూరడం. ఆఖర్న పాడైన రేడియో స్పీకర్ లోంచి తీసిన అయస్కాంతం బొమ్మ అంతా పాముతాను. రెండేళ్ల కింద ఒకసారి అది టక్కున అతుక్కుంది. మెషీన్ సూది విరిగిన మొన, నాకు తెలియకుండానే.

దిండు అంటే గుర్తొచ్చింది. జర్మనీలో మార్గరెట్ స్టైఫ్ అని ఒకావిడ ఉండేదట. పసితనంలో పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడ్డాయి, కుట్టుపని చేసుకుని బతికింది. 1880లో సూదులు గుచ్చుకునే దిండుని ఉన్ని ఫెల్టుతో ఏనుగు ఆకారంలో కుట్టింది. చూసిన పిల్లలు సూదులు పీకేసి ఆడుకోవడం మొదలుపెట్టారట. అక్కణ్నించే ఆవిడ పెద్ద బొమ్మల కంపెనీ పెట్టింది. ఆ కంపెనీ తర్వాత గుర్తు కోసం బొమ్మల చెవికి లోహపు గుండీ పెట్టడం మొదలుపెట్టింది. అంత చరిత్రున్న ఆవిడ కంపెనీతో నాకు పేచీ అక్కడే.

మీ వ్యాసంలో 'ఇంట్లో కూర్చుని సంపాదించుకోవచ్చు' అని కూడా ఉంది. దాన్ని పట్టుకుని మా వీధి డ్వాక్రా గ్రూపు ఆడవాళ్లు ఐదుగురు మర్నాడే నా షాపుకొచ్చారు. "బాబాయ్ గారూ, మాకు నేర్పండి, ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టుకుంటాం" అన్నారు. నేర్పుతాను. కానీ అమ్మడానికి ఒక చట్టం ఉందని మీ పేజీలో ఒక్క లైను కూడా లేదు. బొమ్మల నాణ్యత గురించి కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చింది, 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మ ఏదైనా ఐఎస్ఐ గుర్తు లేకుండా తయారుచేసి అమ్మకూడదు. మన ఇంట్లో పిల్లకి కుట్టి ఇచ్చుకోవడం వేరు, అమ్మకం వేరు. కొండపల్లి, ఏటికొప్పాకల్లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ, హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకీ మినహాయింపు ఉంది. కాబట్టి ఆ ఆడవాళ్లు ముందు చేతివృత్తివాళ్లకిచ్చే పహచాన్ కార్డుకి పెట్టుకోవాలి.

నేనూ పెట్టుకున్నాను. ఒక ఆఫీసుకెళ్తే అక్కడున్నాయన నా అర్జీ చదివి "జాకెట్లు కుట్టడం హస్తకళ కాదు కదండీ" అన్నాడు. బొమ్మలు కుడతానండీ అన్నాను. "బొమ్మంటే కొయ్య బొమ్మ" అన్నాడు. సంచీలోంచి ఒక గుడ్డ బొమ్మ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నొక్కి చూసి, "మా పాపకి బాగుంటుంది" అన్నాడు. బొమ్మ అక్కడే ఉండిపోయింది, అర్జీ కూడా. ఎనిమిది నెలలైంది. అందుకని నేను బొమ్మలు అమ్మడం లేదు. మా దగ్గర జాకెట్టు కుట్టించుకునే తల్లులు అడిగితే వాళ్ల జాకెట్టు ముక్కతోనే గౌను వేసి పిల్లకి ఇస్తున్నాను. ఇచ్చేటప్పుడు ఒక్క మాట మాత్రం చెబుతాను. ఏడాది నిండని బిడ్డ నిద్రపోతున్నప్పుడు ఉయ్యాల్లో గానీ పక్కలో గానీ ఏ మెత్తటి బొమ్మా ఉంచొద్దు, ముక్కుకి అడ్డం పడుతుంది. పిల్లల డాక్టర్లు కూడా ఇదే చెబుతారు. నా బొమ్మయినా సరే.

నేను అడిగేది పెద్దదేం కాదు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో, మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకి గుండీలు, పూసలు, జిగురు వాడొద్దని వెయ్యండి. ఎక్కడో లోపలి పేజీలో సవరణ అని చీమ తలకాయంత అక్షరాలతో వెయ్యొద్దు. ఆ కుందేలుని కత్తిరించి గోడకి అంటించుకున్నవాళ్లు నా షాపుకొచ్చే వాళ్లలోనే ముగ్గురున్నారు, వాళ్లు లోపలి పేజీ చూడరు.

కుందేలు కొలత కాగితం ఈ ఉత్తరంతో జత చేశాను, మీ పాత పేపర్ మీదే గీశాను. అదే కొలతతో, దారం కళ్లతో నేను కుట్టిన కుందేలు ఫొటో కూడా పెట్టాను. ఎడమ కన్ను నూలుపోగంత కిందికి దిగింది. నాకు కనిపించింది. విప్పి మళ్లీ కుడదామనుకునేలోపే మనవరాలు పట్టుకుపోయింది, ఇక ఇవ్వనంటోంది.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్,
మారీసుపేట, తెనాలి